ఇంటి నెట్‌వర్క్ మనమే వేసుకుందాం – 3వ పాఠం: కనెక్టర్ కొట్టడం, స్విచ్ కలపడం

పోయిన పాఠం చివర ఒక పని అప్పజెప్పాను. ఇంటి ప్లాను తెల్లకాగితం మీద గీసి, రూటర్ ఎక్కడుందో, వైరుతో కలపాల్సిన వస్తువులు ఎక్కడెక్కడున్నాయో గుర్తులు పెట్టి, గోడల వెంట టేపుతో కొలిచి రాసుకోమన్నాను. ఆ కాగితం ఇప్పుడు దగ్గర పెట్టుకోండి. గీయనివాళ్లు ముందు ఆ పని ముగించి రండి. ఇవాళ కేబుల్ కోయబోతున్నాం, తక్కువ పడితే మళ్లీ కొత్తది లాగాల్సిందే.

మన నమూనా ఇల్లు అదే, హనుమకొండలో మా అక్కావాళ్ల ఇల్లు. కింద హాల్లో ఫైబర్ బాక్స్, దాని పక్కనే రూటర్. పైన మేనల్లుడి గదిలో డెస్క్‌టాప్, ప్రింటర్. పక్క గదిలో టీవీ. మధ్యలో చువ్వలు వేసి పోసిన కాంక్రీటు స్లాబు. వైఫై దాన్ని దాటి పైకి వచ్చేసరికి నీరసపడిపోతుంది. అలాగని మూడు వస్తువులకీ కిందినుంచి మూడు కేబుళ్లు లాగక్కర్లేదు. ఒక్క కేబుల్ పైకి తెచ్చి, అక్కడ స్విచ్ (ఒక కేబుల్‌ని చాలా వస్తువులకి పంచే చిన్న పెట్టె) పెట్టి, దాన్నుంచి మూడింటికీ చిన్న కేబుళ్లు ఇస్తే చాలు.

షాపులో ఏమని అడగాలో ముందు చెప్తాను. ఉత్త "స్విచ్" అంటే లైటు స్విచ్ అనుకుంటారు. కంప్యూటర్ సామాన్ల షాపుకి వెళ్లి "8 పోర్టుల గిగాబిట్ నెట్‌వర్క్ స్విచ్" అనండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ లాంటి చోటైతే ఆ మాటకే వస్తువు బయటికి తీస్తారు. డబ్బా మీద 10/100/1000 అని ఉండాలి. అవి సెకనుకి ఎన్ని మెగాబిట్లో చెప్పే వేగాలు, 1000 అంటే గిగాబిట్. 10/100 అని మాత్రమే ఉంటే వద్దు. 5 పోర్టులది కూడా దొరుకుతుంది, కానీ కిందినుంచి వచ్చే కేబుల్‌కే ఒకటి పోతుంది, మిగిలేవి నాలుగు. రేపు ఇంకో రెండు వస్తువులు వస్తే మళ్లీ కొనాలి. నా మాట వింటే 8 తీసుకోండి.

కేబుల్ క్యాట్ 6 (నెట్‌వర్క్ కేబుల్లో ఒక రకం), ప్యూర్ కాపర్, అంటే అచ్చం రాగి. ఈ రెండో మాట దగ్గర నేను దెబ్బతిన్నాను కాబట్టి గట్టిగా చెప్తున్నాను. మొదటిసారి అక్కావాళ్లింట్లో వేసినప్పుడు చవగ్గా వస్తోందని ఒక రోల్ తెచ్చాను. పైన రాగి పూత, లోపలంతా అల్యూమినియం. చూడ్డానికి తేడా తెలీదు. బ్లేడుతో తీగని గీకితే మాత్రం లోపల వెండి తెలుపు బయటపడుతుంది. అది నాకు అప్పుడు తెలీదు. కొన్ని నెలలు బాగానే నడిచింది. తర్వాత ఒకరోజు మేనల్లుడు ఫోన్ చేశాడు: "మామయ్యా, ఎంత పెద్ద ఫైలైనా సెకనుకి 12 ఎంబీ దగ్గరే ఆగిపోతోంది. ముందు ఇలా లేదు."

ఆ 12 అన్న అంకె వినగానే రోగం ఏమిటో తెలిసిపోయింది. ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి అదే, అందుకే కాస్త నెమ్మదిగా వెళ్దాం.

ల్యాన్ కేబుల్లో, అంటే మనం వేసే ఈ నెట్‌వర్క్ కేబుల్లో, 8 తీగలుంటాయి, రెండేసి మెలిపెట్టిన నాలుగు జంటలు. సెకనుకి 100 మెగాబిట్ల వేగానికి వీటిలో రెండు జంటలు చాలు. 1999లో వచ్చిన గిగాబిట్ ప్రమాణానికి మాత్రం నాలుగు జంటలూ, అంటే 8 తీగలూ కావాలి. ఒక్క తీగ తెగినా, కనెక్టర్‌లో సరిగ్గా అంటకపోయినా, చాలాసార్లు రెండు వైపులా ఉన్న పరికరాలు తమలో తాము మాట్లాడుకుని 100కి దిగిపోతాయి. ఎర్ర లైటు వెలగదు, హెచ్చరిక రాదు. ఇంటర్నెట్ వస్తూనే ఉంటుంది. ఒక బైటుకి 8 బిట్లు, కాబట్టి 100 మెగాబిట్లని 8తో భాగిస్తే 12.5 మెగాబైట్లు (ఎంబీ). మేనల్లుడు చూసిన అంకె అదే. 10 జీబీ ఫైలు కింది కంప్యూటర్ నుంచి పైదానికి పంపాలంటే గిగాబిట్ మీద నిమిషంన్నర పడుతుంది. 100 మీద దాదాపు పావుగంట. ఆ తేడా ఒక్క తీగ చేతిలో ఉంది.

చివరికి ఆ కేబుల్ మొత్తం పైపులోంచి లాగేసి రాగి కేబుల్ వేశాను. స్విచ్ పాడైతే పది నిమిషాల్లో మార్చుకోవచ్చు. గోడలోకి పోయిన కేబుల్ అలా కాదు. డబ్బు పెట్టాల్సి వస్తే కేబుల్ మీదే పెట్టండి.

కేబుల్ లాగడం

ముందు కేబుల్ లాగాలి, తర్వాతే కనెక్టర్. కనెక్టర్ ఉన్న కేబుల్ పైపు వంపుల్లో ఇరుక్కుంటుంది. ఎలక్ట్రీషియన్లు వాడే స్ప్రింగు పైనుంచి కిందికి తోసి, దాని కొసకి కేబుల్ కట్టి మెల్లగా లాగండి. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం వేయొద్దు. ఇది ప్రాణాలతో వ్యవహారం. వేరే పైపు లేకపోతే గోడ మీద ప్లాస్టిక్ పట్టీ కొట్టి అందులో వేసుకోండి. మూల తిరిగే చోట టీ గ్లాసు చుట్టూ తిప్పినంత వంపు ఉండాలి, కాగితంలా మడవకూడదు. రెండు చివర్లా అర మీటరు చొప్పున వదలండి. మొదటిసారి కనెక్టర్ తప్పుగా పడటం మామూలే. కోసి మళ్లీ కొట్టుకోవడానికి ఆ అర మీటరు కావాలి.

కనెక్టర్ కొట్టడం

ఇక్కడ తొందర పనికిరాదు. మంచి వెలుతురున్న చోట కూర్చోండి. క్రింపింగ్ టూల్ (కనెక్టర్‌ని కేబుల్‌కి నొక్కి బిగించే పటకారు), క్యాట్ 6కి సరిపోయే ఆర్‌జే45 కనెక్టర్లు (కేబుల్ కొసకి పెట్టే ప్లాస్టిక్ ప్లగ్గులు) ఒక పది, తీగలన్నీ అంటాయో లేదో లైట్లతో చూపే టెస్టర్ ఉంటే చాలు.

రబ్బరు టోపీ ఉంటే ముందే కేబుల్‌కి తొడిగేయండి, తర్వాత తొడగలేరు. చివర 3 సెంటీమీటర్ల మేర పైతొక్కు తీయాలి. టూల్ బ్లేడు మధ్య కేబుల్ పెట్టి మెల్లగా ఒక చుట్టు తిప్పి, తొక్కు విరిచి లాగేయండి. లోపలి తీగలు ఒకసారి వేళ్లతో వంచి చూడండి. ఎక్కడైనా గాటు పడి రాగి కనిపిస్తే ఆ ముక్క కోసేసి మళ్లీ మొదలుపెట్టండి. క్యాట్ 6 కేబుల్ మధ్యలో ప్లాస్టిక్ అడ్డుపుల్ల ఉంటే దాన్ని మొదలుకంటా కత్తిరించండి.

ఇప్పుడు జంటల మెలి విప్పి, తీగలు ఈ వరసలో పేర్చండి: తెల్ల ఆరెంజ్, ఆరెంజ్, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల బ్రౌన్, బ్రౌన్. కనెక్టర్ నాలుక కిందికి, బంగారు రంగు పిన్నులు పైకి, కేబుల్ దూర్చే కంత మీ వైపు ఉండేలా పట్టుకుంటే, ఎడమ చివరిది 1. తెల్ల ఆరెంజ్ అక్కడికి పోవాలి. రెండో చివరా ఇదే వరస.

వరస చూశారుగా, ఆకుపచ్చ జంట మాత్రం విడిపోయింది. 3లో ఒకటి, 6లో ఒకటి, మధ్యలో నీలం జంట. ఇది చూసి చాలామందికి వచ్చే ఆలోచన: "రెండు చివరలా ఒకేలా పెడితే చాలు కదా, వరసగా ఆరెంజ్, ఆకుపచ్చ, నీలం, బ్రౌన్ జంటలు పెట్టేస్తే పోలా?" పోదు. పరికరాలు 3నీ 6నీ ఒక జంటగా లెక్కపెట్టి మాట్లాడతాయి. మీరు వరసగా పెడితే 3లో ఆకుపచ్చ జంట తీగ, 6లో నీలం జంట తీగ పడతాయి. అవి కలిసి మెలిపడినవి కావు.

మెలి ఎందుకంత ముఖ్యం? గ్రాహం బెల్ 1881లో టెలిఫోన్ తీగల కోసం దీనికి పేటెంటు తీసుకున్నాడు. రెండు తీగలు మెలిపడి ఉంటే బయటి రొద, పక్కన కరెంటు వైరుదో మోటారుదో, రెండింటి మీదా సమానంగా పడుతుంది. అవతలి పరికరం రెండు తీగల మధ్య తేడా మాత్రమే చూస్తుంది కాబట్టి ఆ రొద కొట్టుకుపోతుంది. నాలుగు జంటల మెలి బిగువు కూడా నాలుగు రకాలుగా ఉంటుంది, ఒకదాని మాట ఇంకోదానికి వినిపించకుండా. విప్పి చూసినప్పుడు గమనించండి. ఒక జంట బిగుతుగా, ఒకటి కాస్త వదులుగా కనిపిస్తుంది. విడిపోయిన జంట పెడితే ఈ రక్షణ పోతుంది. పైగా చవక టెస్టర్ ఈ తప్పుని పట్టుకోలేదు. 8 లైట్లూ చక్కగా వెలుగుతాయి, కేబుల్ మాత్రం సతాయిస్తుంది. అందుకే రంగుల వరస నోటికి రావాలి.

తీగలు వరసలో పెట్టాక బొటనవేలూ చూపుడువేలూ మధ్య గట్టిగా నొక్కి అటూ ఇటూ ఊపుతూ సాపు చేయండి. దువ్విన జుట్టులా పక్కపక్కన పడుకోవాలి. తొక్కు నుంచి 1.3 సెంటీమీటర్లు, అంటే అరంగుళం వదిలి, ఒక్క కత్తిరింపులో అన్నీ సమంగా కోయండి. వేళ్లు తీయకుండానే కనెక్టర్‌లోకి దూర్చండి. లోపల గాడులు తగులుతూ దిగుతాయి. ఇప్పుడు కనెక్టర్‌ని ముందు నుంచి, కళ్ల ఎదురుగా పెట్టుకుని చూడండి. 8 రాగి చుక్కలు కనిపించాలి. ఒక్కటి వెనకబడినా బయటికి తీయండి. పక్కనుంచి చూస్తే కేబుల్ పైతొక్కు కూడా కనెక్టర్ లోపలికి వచ్చి ఉండాలి. టూల్ నొక్కినప్పుడు పట్టు ఆ తొక్కు మీద పడాలి, తీగల మీద కాదు. రెండూ సరిగ్గా ఉంటే టూల్‌లో పెట్టి చివరికంటా ఒకేసారి నొక్కండి.

టెస్టర్ రెండు ముక్కల్ని రెండు చివర్లా పెట్టి చూడండి. 1 నుంచి 8 దాకా రెండు వైపులా ఒకే వరసలో వెలగాలి. ఒక అంకె వెలగకపోతే ఆ తీగ అంటలేదన్నమాట. మొదట మీకు అనుమానం ఉన్న చివర కోసి మళ్లీ కొట్టండి. మూడో కనెక్టర్‌కల్లా చేయి అలవాటు పడుతుంది.

స్విచ్ కలపడం

దీనికి పెద్ద వివరణ అక్కర్లేదు. కేబుల్ కింది చివర రూటర్‌లో ల్యాన్ అని రాసున్న పోర్టుకి, పై చివర స్విచ్‌లో ఏ పోర్టుకైనా. మిగతా పోర్టుల్లో వస్తువులు. స్విచ్ అడాప్టర్ ప్లగ్గులో పెట్టండి, అంతే. సెట్టింగులేమీ ఉండవు. ఒకప్పుడు కొన్ని కలపడాలకి తీగలు తారుమారు చేసిన వేరే కేబుల్ కావాల్సి వచ్చేది. గిగాబిట్ పరికరాలు దాన్ని సొంతంగా సర్దుకుంటాయి.

ఒక్కటి మాత్రం తప్పొద్దు: స్విచ్ ఎప్పుడూ రూటర్ తర్వాతే. ఆపరేటర్ ఇచ్చిన వైరు నేరుగా స్విచ్‌లో పెట్టి అక్కణ్నుంచి ఇంటికంతా పంచుదామనుకుంటారు కొందరు. లాగిన్ అయ్యేదీ, ఇంట్లో ప్రతి వస్తువుకీ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా అంకె) ఇచ్చేదీ రూటర్. స్విచ్‌కి ఆ పని రాదు. కంప్యూటర్ ఐపీ అడ్రస్ 169.254తో మొదలవుతుంటే, రూటర్ దాకా మాట చేరలేదని అర్థం. కేబుల్ చూసుకోండి.

స్విచ్ చేసే పని వేరు. ప్రతి పరికరానికీ 48 బిట్ల మ్యాక్ అడ్రస్, అంటే దాన్ని గుర్తుపట్టే ఒక సంఖ్య, ఉంటుంది. ఏ పోర్టు నుంచి ఏ మ్యాక్ అడ్రస్ మాట్లాడిందో స్విచ్ గుర్తుపెట్టుకుంటుంది. డెస్క్‌టాప్ నుంచి ప్రింటుకి పంపిన ఫైలు ప్రింటర్ పోర్టుకే వెళ్తుంది, టీవీ జోలికి పోదు. ఎవరు ఎక్కడున్నారో తెలియనప్పుడు మాత్రం అన్ని పోర్టులకీ దండోరా వేస్తుంది.

ఆ దండోరాతో ఒక ప్రమాదం ఉంది. సంక్రాంతి ముందు ఇల్లు సర్దుతూ మా అమ్మ స్విచ్ దగ్గర వేలాడుతున్న కేబుల్ కొస చూసింది. ఊడిపోయిందనుకుని ఖాళీ పోర్టులో పెట్టింది. దాని రెండో కొస అప్పటికే అదే స్విచ్‌లో ఉంది. క్షణాల్లో ఇంట్లో నెట్ మొత్తం ఆగిపోయింది. ఒక పోర్టులోంచి పోయిన దండోరా ఇంకో పోర్టులోంచి లోపలికి వచ్చి, మళ్లీ అన్నిటికీ వెళ్లి, అలా ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. చిన్న స్విచ్‌లలో చాలావాటికి దీన్ని ఆపే తెలివి ఉండదు. లైట్లన్నీ ఒకేసారి పిచ్చిగా కొట్టుకుంటుంటే ముందు ఇదే అనుమానించండి. ఒక్కో కేబుల్ తీసుకుంటూ వెళ్తే దొరుకుతుంది. నాకు ఆరోజు గంట పట్టింది, రూటర్‌ని అనుమానిస్తూ కూర్చోవడం వల్ల.

అన్నీ కలిపాక వేగం చూసుకోవాలి. విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ఈథర్నెట్ తెరిస్తే లింక్ స్పీడ్ అని ఉంటుంది. 1000/1000 కనిపించాలి. 100/100 అంటే బహుశా ఆ కంప్యూటర్‌కీ స్విచ్‌కీ మధ్య కేబుల్లో తీగ అంటలేదు. కనెక్టర్ దగ్గరికి తిరిగి వెళ్లండి. టీవీ దగ్గర మాత్రం 100 చూసి కంగారుపడొద్దు. స్మార్ట్ టీవీల్లో చాలావాటి పోర్టే 100ది, సినిమా చూడ్డానికి అది బోలెడు.

పెరట్లో ఇంకో గదికో, పక్కింటికో కూడా ఇలాగే ఆరుబయట కేబుల్ లాగుదామని ఇద్దరు ముగ్గురు అడిగారు. వద్దు. వానాకాలంలో దగ్గర్లో ఎక్కడైనా పిడుగు పడితే ఆ రాగి తీగ వెంటే ఇంట్లోకి వచ్చి రూటర్, టీవీ కాల్చేస్తుంది. వేరే భవనానికి ఫైబర్, అంటే కరెంటు పారని గాజు కేబుల్, వేయాలి. దానికి విడిగా ఒక పాఠం రాస్తాను.

వచ్చే పాఠంలో కరెంటు కూడా ల్యాన్ కేబుల్ మీదే వెళ్లే కెమెరాలు. దానికి ముందు ఒక పని: ప్రతి కేబుల్ రెండు చివర్లా ఒకే అంకె రాసిన కాగితం చుట్టి, పైన టేపు అంటించండి. రూటర్ దగ్గర 1 అంటే స్విచ్ దగ్గర కూడా 1. అవే అంకెలు మీ ప్లాను కాగితం మీద కూడా రాసి, ఆ కాగితాన్ని స్విచ్ పక్కన గోడకి అంటించండి.