డిక్షనరీలో కీ లేకపోయినా ప్రోగ్రాం ఆగకుండా విలువ తీసుకోవడం ఎలా?

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లోని ఒక అడ్తిదారు కోసం పైథాన్‌లో చిన్న లెక్కల ప్రోగ్రాం రాస్తున్నామనుకుందాం. అందులో 'రాక' అనే డిక్షనరీ ఉంది, అంటే ఒక పేరు (కీ) చెబితే దానికి జతచేసిన విలువను ఇచ్చే పట్టిక. మిర్చి రకం పేరు దానికి కీ, ఆ రోజు దిగిన బస్తాల సంఖ్య విలువ. తేజకు 120, వండర్ హాట్‌కు 45, చపాటాకు 0 అని రాశాం. దీపిక పేరు అసలు చేర్చలేదు.

మొదట, చదరపు బ్రాకెట్లలో దీపిక అని రాసి అడిగి చూడండి. ఆ కీ లేదు కనుక పైథాన్ కీఎర్రర్ చూపిస్తుంది, దాన్ని పట్టుకునే ఏర్పాటు లేకుంటే ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది. ఆ పేరు తప్పనిసరిగా ఉండాల్సిన చోట ఇలా ఆగడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే తప్పుడు లెక్కతో ముందుకు సాగిన ప్రోగ్రాంలో లోపం ఎక్కడుందో తర్వాత వెతకడం చాలా కష్టం.

పేరు ఉండవచ్చు, లేకపోవచ్చు అనుకునే చోట 'గెట్' వాడండి. కీ దొరికితే దాని విలువను, దొరకకపోతే 'నన్' అనే ఖాళీ విలువను అది ఇస్తుంది. రెండో స్థానంలో మనం ఏదైనా విలువ రాసిపెడితే నన్‌కు బదులు అదే వస్తుంది.

ఎక్కువమంది పొరబడేది దీని తర్వాతే. గెట్ ఇచ్చినదాన్ని నేరుగా 'ఇఫ్' పక్కన పెట్టి పరీక్షిస్తే, పైథాన్ దృష్టిలో సున్నా కూడా 'కాదు' కిందికే వస్తుంది కనుక, జాబితాలో ఉన్న చపాటా కూడా లేనట్టే తేలుతుంది. ఆ రకం బస్తాలు ఈరోజు రాలేదనడానికీ, ఆ రకమే మన లెక్కలో లేదనడానికీ చాలా తేడా ఉంది. అందుకని కీ ఉందా లేదా అన్నది తెలియాలంటే 'ఇన్' అనే పదంతోనే అడగాలి. ఉందని తేలాకే చదరపు బ్రాకెట్లతో విలువ తీసుకోవాలి. విలువగా నన్‌నే దాచిన డిక్షనరీలో కూడా ఈ పద్ధతి తప్పు చెప్పదు.

లేని కీకి ముందే చెప్పిపెట్టిన విలువను తానే ఇచ్చే డిక్షనరీ రకం 'డిఫాల్ట్‌డిక్ట్'. దాన్ని వాడేవారు ఒక సంగతి గమనించాలి. లేని కీని చదరపు బ్రాకెట్లతో అడిగిన మాత్రానే అది ఆ కీని కొత్తగా చేర్చేస్తుంది. లెక్కపెట్టే పనికి ఇది ఎంతో అనుకూలం, ఉందో లేదో చూసే పనికి మాత్రం పనికిరాదు.

చివరగా కీని శుభ్రం చేయండి. పేరు చివర ఒక్క ఖాళీ మిగిలినా అది వేరే కీ అవుతుంది కాబట్టి 'స్ట్రిప్' వాడి రెండు వైపులా ఖాళీలు తీసేయాలి. చపాటాను మన దగ్గర టమాటా మిర్చి అని కూడా అంటారు. రైతుకు రెండూ ఒకటే గానీ డిక్షనరీకి ఆ సంగతి తెలియదు, అందువల్ల మారుపేరు నుంచి అసలు పేరుకు దారి చూపే మరో చిన్న డిక్షనరీ రాసుకుని, ముందు అందులో గెట్‌తో పేరు సరిచేసుకుని, ఆ తర్వాతే 'రాక'లో వెతకాలి. ఈ గెట్‌కు రెండో స్థానంలో రైతు చెప్పిన పేరునే ఇస్తే, మారుపేరు లేని తేజ వంటివి మారకుండా అలాగే వస్తాయి.