వానలు మొదలయ్యేలోపు హెల్మెట్ సరిచూసుకోండి

నిరుడు కార్తిక మాసంలో మా తమ్ముడు భాకరాపేట ఘాట్‌లో బండి మీద నుంచి పడ్డాడు. మదనపల్లె నుంచి తిరుపతికి వస్తున్నాడు. సన్నటి తుంపర, మలుపులో తడిసిన ఆకులు, ముందు చక్రం జారింది. తలకు కొత్తగా కొన్న స్మార్ట్ హెల్మెట్ ఉంది. దెబ్బను అది గుర్తించి బీప్ బీప్‌మని మోగింది, ముప్పై సెకన్లు ఆగి నాకు సందేశం పంపాలని చూసింది. కానీ ఆ మలుపులో ఫోనుకు సిగ్నల్ లేదు. సందేశం నాకు చేరేసరికి నలభై నిమిషాలు దాటింది. అంతకు చాలా ముందే పాల వ్యాను నడిపే ఒకాయన ఆగాడు. ఫోను కవరు వెనక పెట్టిన చీటీ చూసి, సిగ్నల్ అందే చోటికి వెళ్లి నాకు ఫోను చేశాడు. "భయపడకండి సార్, మీ తమ్ముడు మాట్లాడుతున్నాడు. భుజం ఒక్కటే కదలడం లేదు" అన్నాడు.

ఆ రాత్రి ఆ హెల్మెట్‌ను ఒళ్లో పెట్టుకుని చూశాను. కుడి పక్క పెంకు మీద రెండు వేళ్ల వెడల్పున గీత పడింది. లోపలి గుడ్డ తీస్తే, సరిగ్గా అక్కడే థర్మాకోల్ పొర లోపలికి అణిగిపోయి ఉంది. తలకు తగలవలసిన దెబ్బ దానికి తగిలింది. పట్టీ బిగించుకుని ఉండబట్టి హెల్మెట్ ఊడిపోలేదు. బ్లూటూత్, సెన్సర్లు, బ్యాటరీ అన్నీ ఈ రెండింటి తర్వాతే.

మన తిరుపతి వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులయ్యాయి, డిసెంబరు 1న తిరుమలకు ఎక్కే ఘాట్ రోడ్డు మీద బండరాళ్లు విరిగిపడ్డాయి. అలాంటి రోజుల్లోనూ చిత్తూరుకో, పలమనేరుకో, కొండకో బండి తీయక తప్పనివాళ్లు మనలో ఎంతోమంది. అందుకే సెప్టెంబరులోనే ఒక ఆదివారం పూట హెల్మెట్ కోసం కేటాయించండి.

స్మార్ట్ హెల్మెట్‌లో వేగం హఠాత్తుగా మారితే పసిగట్టే యాక్సిలరోమీటరు, తల ఎటు తిరిగిందో తెలిపే గైరోస్కోపు ఉంటాయి. ఈ రెండూ కలిసి మనిషి పడ్డాడని తేలుస్తాయి. చాలా రకాల్లో హెల్మెట్ తనంతట తాను ఎవరికీ ఫోను చేయదు. బ్లూటూత్ ద్వారా ఫోనుకు చెబుతుంది, ఫోనులోని యాప్ జీపీఎస్‌తో మనం ఉన్న చోటు పట్టుకుని, మనం ఇచ్చిన నంబరుకు పంపుతుంది. హెల్మెట్‌లో చార్జింగ్ లేకపోయినా, ఫోను ఆగిపోయినా, సిగ్నల్ లేకపోయినా, చివరికి ఆ నంబరు మారిపోయినా కబురు అందదు. ఆకాశం కనిపిస్తే జీపీఎస్ మన చోటును పట్టుకుంటుంది, కానీ సిగ్నల్ లేనిదే ఆ సంగతి బయటికి చేరదు. కొండల మధ్య మనకు ఎదురయ్యే చిక్కు ఇదే.

కాబట్టి ఇంట్లో కూర్చుని ఒకసారి పరీక్షించండి. హెల్మెట్‌ను నేలకేసి కొట్టి కాదు, అలా చేస్తే థర్మాకోల్ పాడవుతుంది. యాప్‌లో పరీక్షించే ఏర్పాటు గానీ, అత్యవసర బటన్ గానీ ఉంటే దాన్ని నొక్కి, అవతలివాళ్ల ఫోనుకు సందేశం వచ్చిందో లేదో కళ్లారా చూడండి. ఫోనులో బ్యాటరీ ఆదా చేసే ఏర్పాటు వెనక నడిచే యాప్‌లను ఆపేస్తుంది, ఈ యాప్‌కు మాత్రం మినహాయింపు ఇవ్వండి. రెండు నంబర్లు ఇవ్వండి. అందులో ఒకటి మీరు ఏ దారిన వస్తారో తెలిసినవాళ్లది కావాలి. వాళ్లకు ముందే చెప్పి ఉంచండి, లేకపోతే అర్ధరాత్రి వచ్చిన సందేశాన్ని ఏదో ప్రకటన అనుకుని పక్కన పెట్టేస్తారు. దీనితో పాటు ఒక చీటీ మీద పేరు, రక్తం గ్రూపు, ఇంట్లోవాళ్ల ఫోను నంబరు రాసి తడవకుండా ఫోను కవరులో పెట్టుకోండి. మా తమ్ముడికి అక్కరకు వచ్చింది అదే.

హెల్మెట్ తలకు సరిపోయిందా లేదా అన్నది తిరుపతిలో మరీ జాగ్రత్తగా చూడాలి. జుట్టు ఒత్తుగా ఉన్నప్పుడు కొన్న హెల్మెట్, కొండ మీద తలనీలాలు సమర్పించి దిగేటప్పుడు వదులైపోతుంది. గుండుతో పెట్టుకుని, పట్టీ బిగించి, వెనక నుంచి పైకి ఎత్తి చూడండి. ముందుకు జారి ఊడివస్తుంటే అది తలను కాపాడదు. చెంపల దగ్గర ఇంకాస్త మందమైన మెత్తలు వేయించుకోండి. లోపల తువ్వాలు మడిచి పెట్టడం మాత్రం వద్దు, దెబ్బ తగిలినప్పుడు అది పక్కకు జారిపోతుంది. పట్టీకీ గడ్డానికీ మధ్య రెండు వేళ్లు పట్టాలి, అంతకు మించి వదులు ఉండకూడదు.

వానలో హెల్మెట్ ముందున్న అద్దమే సగం ప్రాణం. గీతలు పడిన అద్దం రాత్రిపూట ఎదురు బండ్ల వెలుగును చెదరగొట్టి రోడ్డును మింగేస్తుంది, కొత్తది వేయించండి. నల్ల అద్దం ఉంటే తీసేయండి. ఊపిరికి ఆవిరి పట్టకుండా గాలి రంధ్రాలు తెరిచి ఉంచండి. చార్జింగ్ పెట్టే చోట రబ్బరు మూత గట్టిగా మూసుకుంటోందో లేదో చూడండి. తడిసిన హెల్మెట్‌ను ఇంటికి రాగానే చార్జింగ్‌కు పెట్టవద్దు, పూర్తిగా ఆరనివ్వండి. ఘాట్‌లో పాటలు వద్దు. మలుపు అవతలి హారన్ చెవిన పడాలి.

కొనేవాళ్లకు ఒక మాట. ముందు ఐఎస్ఐ గుర్తు, దాని పక్కన ఐఎస్ 4151 అన్న సంఖ్య చూడండి. 2021 జూన్ 1 నుంచి ఆ గుర్తు లేని హెల్మెట్ అమ్మడం నేరం. ఉన్న హెల్మెట్‌కు రంధ్రాలు చేసి పరికరాలు బిగించే పని వద్దు, పెంకు బలహీనమవుతుంది. యాప్‌ను నమ్మి మాత్రమే డబ్బు పెట్టకండి. అమెరికాలో స్కల్లీ అనే సంస్థ 2014లో స్మార్ట్ హెల్మెట్ కోసం జనం నుంచి 24 లక్షల డాలర్లకు పైగా సేకరించి, 2016లో మూతపడింది. యాప్ రేపు ఆగిపోయినా హెల్మెట్ మంచి హెల్మెట్‌గా మిగలాలి.

వెనక కూర్చునే భార్యకో, అమ్మకో స్మార్ట్‌ది కాకపోయినా ఐఎస్ఐ గుర్తు ఉన్న హెల్మెట్ తప్పనిసరి. నాలుగేళ్లు దాటిన పిల్లలకు కూడా చట్టం ఇదే చెబుతోంది.

ఎవరైనా పడి కనిపిస్తే 108కు ఫోను చేయండి. ఊపిరి ఆడుతున్నంతవరకు వాళ్ల హెల్మెట్‌ను లాగకండి, మెడకు దెబ్బ తగిలి ఉండవచ్చు. సాయం చేసినవాళ్లను మోటారు వాహనాల చట్టంలోని 134ఏ సెక్షన్ కాపాడుతుంది, కేసుల భయం అక్కరలేదు. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్‌ను, పైకి బాగానే కనిపించినా, మళ్లీ పెట్టుకోవద్దు. మా తమ్ముడి హెల్మెట్ పట్టీని నేనే కత్తిరించి పారేశాను. ఎవరూ దాన్ని తీసుకుని మళ్లీ వాడకూడదని.