పల్లెటూరి ఇంటికి ఉపగ్రహ ఇంటర్నెట్: అమెరికాలోని తెలుగు కుటుంబాలు ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

అమెరికాలో తెలుగువారి ఊళ్ళంటే డల్లాస్, న్యూజెర్సీ, బే ఏరియా గుర్తుకు వస్తాయి. అయితే జే-1 వీసా మినహాయింపు (శిక్షణ ముగిశాక స్వదేశానికి తిరిగి వెళ్ళాలన్న షరతు నుంచి విడుదల) కోసం వైద్యుల కొరత ఉన్న ప్రాంతాల్లో మూడేళ్ళు పనిచేయడానికి ఒప్పుకున్న డాక్టర్లు, ఇంటి నుంచే పని చేసుకునే వీలు దొరికాక నగరం వదిలి నాలుగైదు ఎకరాల్లో ఇల్లు కొనుక్కున్న ఇంజనీర్లు కాన్సాస్‌లోనూ, డకోటాల్లోనూ, పశ్చిమ టెక్సాస్‌లోనూ కౌంటీ రోడ్ల పక్కన కాపురాలు పెట్టారు. అలాంటి ఇంట్లో దిగిన మొదటి వారంలోనే తమ తీగ ఆ రోడ్డు దాకా రాదని కేబుల్ కంపెనీ చెబుతుంది. ఇక ఆకాశం వైపు చూడక తప్పదు. ఆ సమయంలో ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపించే వేగం అంకెను బట్టి ప్లాన్ తీసుకోవద్దని, సంకేతం వెళ్ళి రావడానికి పట్టే ఆలస్యాన్ని, ఇంటి మీది ఆకాశాన్ని, రాత్రి తొమ్మిది గంటలకు ఉండే పరిస్థితిని ముందుగా చూడాలని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, ఉపగ్రహం నిజంగా అవసరమో కాదో తేల్చుకోవాలి. అమెరికా సమాచార రంగ నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నిర్వహించే జాతీయ బ్రాడ్‌బ్యాండ్ మ్యాపులో ఇంటి చిరునామా ఇస్తే, అక్కడ సేవ ఇస్తామని చెప్పుకున్న సంస్థలన్నీ, ఒక్కొక్కటి ఏ సాంకేతికతతో ఇస్తుందో సహా కనిపిస్తాయి. ఉపగ్రహ సంస్థలు దాదాపు ప్రతి చిరునామాకూ కనిపిస్తాయి కాబట్టి వాటిని పక్కన పెట్టి ఫైబర్, కేబుల్, స్థిర వైర్‌లెస్ (టవరు నుంచి ఇంటి యాంటెన్నాకు వచ్చేది) వరుసలను చూడండి. ఆ వివరాలు సంస్థలు స్వయంగా ఇచ్చినవే కనుక ఫోన్ చేసి ఖాయం చేసుకోవాలి. చాలా కౌంటీల్లో కరెంటు ఇచ్చే సహకార సంఘాలే ఇప్పుడు ఫైబర్ కూడా వేస్తున్నాయి. మీ కరెంటు బిల్లు మీద ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడిగితే ఎప్పటికి వస్తుందో చెబుతారు. మొబైల్ కంపెనీలు ఇచ్చే 5జీ హోమ్ ఇంటర్నెట్ సంగతి కూడా విచారించండి. వీటిలో ఏ ఒక్కటి నిలకడగా అందినా ఉపగ్రహం జోలికి వెళ్ళనక్కర్లేదన్నది నా అభిప్రాయం.

అవేవీ లేవని తేలాక, రెండు రకాల ఉపగ్రహ సేవల మధ్య తేడా అర్థం చేసుకోవాలి. హ్యూస్‌నెట్, వయాశాట్ సంస్థల ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో, భూమితో సమానంగా తిరుగుతూ, కింద నుంచి చూసేవారికి ఒకే చోట నిలబడి ఉన్నట్టు కనిపిస్తాయి; దీన్నే భూస్థిర కక్ష్య అంటారు. స్టార్‌లింక్ ఉపగ్రహాలు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులో, అంటే దిగువ కక్ష్యలో, వేల సంఖ్యలో పరుగెడుతూ ఉంటాయి. ఒకటి దాటిపోగానే డిష్ మరొకదాన్ని అందుకుంటుంది. మీరు ఒక మాట పంపి జవాబు అందుకోవాలంటే సంకేతం ఆ ఎత్తును నాలుగు సార్లు దాటాలి: ఇంటి నుంచి పైకి, పై నుంచి సంస్థ భూకేంద్రానికి, మళ్ళీ అదే దారిలో వెనక్కి. భూస్థిర కక్ష్య విషయంలో ఆ దూరం 1,43,000 కిలోమీటర్లు దాటుతుంది; కాంతి వేగంతో వెళ్ళినా దానికి దాదాపు 480 మిల్లీసెకన్లు పడుతుంది, ఆచరణలో 600కు పైనే ఉంటుంది. ఇది ప్రకృతి పెట్టిన హద్దు కాబట్టి ఎంత ఖరీదైన ప్లాన్ కొన్నా తగ్గదు. దిగువ కక్ష్యలో ఇదే ప్రయాణానికి ఏడెనిమిది మిల్లీసెకన్లు చాలు; నేల మీది దారులన్నీ కలుపుకున్నా మామూలుగా 25 నుంచి 60 మిల్లీసెకన్ల మధ్య తేలుతుంది.

మన ఇళ్ళలో ఈ తేడా ఎక్కడ తెలుస్తుందంటే, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న అమ్మానాన్నలతో వీడియోలో మాట్లాడేటప్పుడు తెలుస్తుంది. సముద్రగర్భ కేబుళ్ళ మీద అమెరికా నుంచి భారతదేశానికి వెళ్ళి రావడానికే 200 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. దాని మీద భూస్థిర ఉపగ్రహం ఆలస్యం చేరితే మొత్తం సెకనుకు దగ్గరవుతుంది. అవతల అమ్మ మాట ముగించిందనుకుని మీరు అందుకుంటారు, అప్పటికే ఆమె మరో మాట మొదలుపెట్టి ఉంటుంది, ఇద్దరూ ఒకేసారి ఆగిపోతారు. ఇలా పది నిమిషాలు మాట్లాడేసరికి పెద్దవాళ్ళు విసిగి, తర్వాత మాట్లాడదామని పెట్టేస్తారు. సినిమా చూడటానికి, ఈమెయిలుకు, బిల్లులు కట్టడానికి ఈ ఆలస్యం పెద్దగా అడ్డు కాదు. ఆఫీసు వీపీఎన్‌కు, అంటే ఇంటి నుంచి కంపెనీ నెట్‌వర్కులోకి వెళ్ళే రహస్య దారికి, మాత్రం బాగా అడ్డు వస్తుంది. భూస్థిర సంస్థలు దూరం వల్ల కలిగే నష్టాన్ని తగ్గించడానికి దారి మధ్యలో కొన్ని ఉపాయాలు వాడతాయి. వీపీఎన్ లోపల ఉన్నదంతా గుప్తీకరించి ఉంటుంది కాబట్టి ఆ ఉపాయాలు పనిచేయవు. ఇంటి నుంచి ఆసుపత్రి రికార్డుల్లోకి లాగిన్ కావలసిన డాక్టర్లు, రోజంతా కంపెనీ నెట్‌వర్కులో ఉండే ఇంజనీర్లు ఈ ఒక్క కారణంతోనే దిగువ కక్ష్య సేవను ఎంచుకోవచ్చు.

ఇక రాత్రి తొమ్మిది గంటల సంగతి. ఒక ప్రాంతం మీదికి వచ్చే ఉపగ్రహ సామర్థ్యాన్ని అక్కడి ఇళ్ళన్నీ పంచుకుంటాయి. భోజనాలయ్యాక అందరూ టీవీల ముందు చేరే వేళ అది ఇరుకవుతుంది. మనకు భారతదేశంతో మాట్లాడే వేళ కూడా అదే. సెంట్రల్ టైమ్ ప్రాంతంలో రాత్రి తొమ్మిదంటే భారతదేశంలో ఇంటి దగ్గర వేసవిలో ఉదయం ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. అందువల్ల మధ్యాహ్నం రెండింటికి తీసిన వేగపరీక్ష మన అవసరానికి ఏమీ చెప్పదు. చుట్టుపక్కల అదే సేవ వాడుతున్నవారు ఉంటే, ఎంత వేగం వస్తోందని కాకుండా రాత్రి ఎనిమిది నుంచి పది దాకా ఎలా ఉంటోందని అడగండి. స్టార్‌లింక్ రద్దీ ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో కొత్తగా చేరేవారి నుంచి ఒకసారి కట్టే అదనపు రుసుము వసూలు చేస్తుంది. చిరునామా ఇచ్చినప్పుడు అది కనిపిస్తే, డబ్బు సంగతి అలా ఉంచి, అక్కడ జనం ఇప్పటికే ఎక్కువగా ఉన్నారని దాని అర్థంగా తీసుకోండి.

డేటా లెక్క ఇంట్లోనే వేసుకోవచ్చు. హెచ్‌డీ వీడియోకు గంటకు సుమారు 3 జీబీ ఖర్చవుతుంది. రోజుకు రెండు గంటలు చూసే ఇంట్లో నెలకు ఒక్క టీవీకే 180 జీబీ అవుతుంది. పిల్లల ఆన్‌లైన్ తరగతులు, ఫోన్ల అప్‌డేట్లు దానికి అదనం. ప్లానులో అపరిమితం అని రాసి ఉన్నా, ఎన్ని జీబీల తర్వాత వేగం తగ్గిస్తారో, తగ్గాక ఎంత మిగులుతుందో చిన్న అక్షరాల్లో వెతకాలి. అపరిమితం అనే మాటకు సేవ ఆగదని మాత్రమే అర్థం.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఆకాశం మీద. భూస్థిర ఉపగ్రహాలు భూమధ్యరేఖ మీద ఉంటాయి కాబట్టి అమెరికాలో డిష్ దక్షిణం వైపు చూడాలి. హ్యూస్ సంస్థ 2023 జూలైలో ప్రయోగించిన జూపిటర్-3 రమారమి 95 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉంది. దానికేసి తిప్పిన డిష్ ఉత్తర టెక్సాస్‌లో దిగంతానికి 50 డిగ్రీలకు పైగా ఎత్తుగా చూస్తుంది, ఉత్తర డకోటాలో మాత్రం 35 డిగ్రీల దగ్గరే చూస్తుంది. అంటే ఉత్తరానికి వెళ్ళేకొద్దీ దక్షిణం వైపు దూరంగా ఉన్న చెట్టు కూడా అడ్డమవుతుంది. అయితే ఈ డిష్‌కు ఆకాశంలో ఒక ఇరుకైన సందు దొరికితే చాలు. స్టార్‌లింక్‌కు అలా కాదు, ఉపగ్రహాలు కదులుతూ ఉంటాయి కాబట్టి విశాలమైన ఆకాశం కావాలి. అమెరికాలో డిష్ సాధారణంగా ఉత్తరం వైపు వంగి ఉంటుంది. ఒక్క కొమ్మ అడ్డమొచ్చినా కనెక్షన్ పూర్తిగా పోదు గానీ, కొద్ది నిమిషాలకొకసారి రెండు మూడు సెకన్లు తెగుతుంది. సినిమాలో అది తెలియదు, వీడియో కాల్‌లో ప్రతిసారీ తెలుస్తుంది. స్టార్‌లింక్ యాప్‌లో అడ్డంకులు చూసే సాధనం ఉంది, దాన్ని డబ్బు కట్టకముందే వాడుకోవచ్చు. ఫోన్ కెమెరాతో ఆకాశమంతా తిప్పి చూపితే ఎక్కడ అడ్డం ఉందో గీసి చూపుతుంది. మేము ఈ పరీక్షను జనవరిలో, ఆకులన్నీ రాలి కొమ్మలు బోసిగా ఉన్నప్పుడు చేశాం. మే నెల వచ్చేసరికి పెరటి ఓక్ చెట్టు చిగిర్చి ఆకాశంలో మూడో వంతు కప్పేసింది, డిష్‌ను ఇంటి కప్పు మీది నుంచి తీసి షెడ్డు పక్కన స్తంభం నాటి పెట్టవలసి వచ్చింది. చలికాలంలో చూసేవారు ప్రతి చెట్టునూ నిండుగా ఆకులున్నట్టు ఊహించుకునే చూడాలి.

డిష్ పెట్టే చోటును ఎంచుకునేటప్పుడు కేబుల్ పొడవు కూడా గుర్తుంచుకోవాలి. స్టార్‌లింక్ మామూలు కిట్‌తో వచ్చే కేబుల్ 15 మీటర్లు. అంతకంటే దూరమైతే పొడవైన కేబుల్ విడిగా కొని, నేలలో గొట్టం వేసి తీసుకురావాలి. ఆ డిష్ రోజంతా 75 నుంచి 100 వాట్ల దాకా కరెంటు తీసుకుంటుంది, అంటే నెలకు 54 నుంచి 72 యూనిట్లు. మంచు కరిగించడానికి వేడెక్కినప్పుడు ఇంకా పెరుగుతుంది. కరెంటు తరచూ పోయే చోట యూపీఎస్ కొనేవారు ఈ లెక్కతోనే దాని సామర్థ్యం చూసుకోవాలి. పిడుగులతో కూడిన గట్టి వాన కురిసేటప్పుడు ఏ ఉపగ్రహ సేవ అయినా కొన్ని నిమిషాలు పోవచ్చు, దీనికి మందు లేదు. అద్దె ఇంట్లో ఉన్నవారు యజమాని ఒప్పుకోడేమోనని వెనకాడుతూ ఉంటారు. మీటరు వ్యాసానికి మించని డిష్‌ను అద్దెదారు తనకే ప్రత్యేకంగా ఇచ్చిన పెరట్లోనో బాల్కనీలోనో పెట్టుకోవడాన్ని యజమాని అకారణంగా అడ్డుకోకుండా ఎఫ్‌సీసీ నియమం ఒకటి ఉంది. గోడకు, కప్పుకు రంధ్రాలు చేయడానికి మాత్రం అనుమతి అడగాలి.

ఒప్పందం దగ్గర తొందరపడకూడదు. 2024 నుంచి అమెరికాలో ఇంటర్నెట్ సంస్థలన్నీ ప్రతి ప్లానుకూ, ఆహార పొట్లాల మీది పోషకాల పట్టికలాంటి ఒక వివరాల పట్టిక చూపాలని ఎఫ్‌సీసీ నియమం పెట్టింది. మొదటి నెలల ధర తర్వాత అసలు ధర ఎంత, పరికరాల ఖర్చు ఎంత, మధ్యలో మానేస్తే కట్టవలసింది ఎంత, సాధారణంగా వచ్చే వేగం, ఆలస్యం ఎంత అన్నవన్నీ అందులో ఉంటాయి. ఫోన్‌లో ఏజెంటు చెప్పిన మాటను ఆ పట్టికతో పోల్చి, తేడా ఉంటే పట్టికనే నమ్మండి. భూస్థిర సేవల్లో 24 నెలల ఒప్పందాలు చాలాకాలం వాడుకలో ఉండేవి; మీ ప్లానుకు అలాంటిది ఉంటే, మూడేళ్ళ ఉద్యోగంలో రెండో ఏడాది చివర చేరితే అది ఉద్యోగం గడువు దాటిపోతుంది. 2021 నాటి మౌలిక వసతుల చట్టం కింద 42.45 బిలియన్ డాలర్లు గ్రామీణ ఇంటర్నెట్‌కు కేటాయించారు. మీ రోడ్డుకు ఫైబర్ వచ్చే రోజున పాత ఒప్పందంలో ఇరుక్కుని ఉండకూడదంటే నెలవారీ ప్లాన్ ధర కాస్త ఎక్కువైనా అదే మేలు.

ఒకే సంస్థను పూర్తిగా నమ్ముకోకూడదనడానికి రెండు ఉదాహరణలు చెబుతాను. 2023లో వయాశాట్ పంపిన వయాశాట్-3 వరుసలో మొదటి ఉపగ్రహం యాంటెన్నా సరిగా విచ్చుకోలేదు. అనుకున్న సామర్థ్యంలో పదో వంతు కూడా దక్కదని ఆ సంస్థే ప్రకటించింది. 2025 జూలై 24న స్టార్‌లింక్ సేవ సాఫ్ట్‌వేర్ లోపం వల్ల ప్రపంచమంతటా సుమారు రెండున్నర గంటలు ఆగిపోయింది. ఆన్‌కాల్‌లో ఉండే డాక్టరు ఇంట్లో ఫోన్ హాట్‌స్పాట్ ప్లాన్ ఒకటి విడిగా ఉండి తీరాలి, సిగ్నల్ ఒక్క గీతే వచ్చినా సరే.

వీడియో కాల్స్, వీపీఎన్ ఉన్న ఇంటికి నా మొదటి ఎంపిక దిగువ కక్ష్య సేవే. చెట్లు కొట్టే వీలు లేక దక్షిణం వైపు ఒక్క సందు మాత్రమే ఉన్న ఇంటికి, లేదా నెట్ వాడకం చాలా తక్కువ ఉన్న ఇంటికి భూస్థిర సేవ సరిపోతుంది. అమెజాన్ కూడా 2025 ఏప్రిల్ నుంచి దిగువ కక్ష్యలోకి ఉపగ్రహాలను పంపుతోంది కాబట్టి పోటీ పెరుగుతుంది.

పరికరాలు వచ్చాక తిరిగి ఇచ్చేందుకు ఎన్ని రోజుల గడువుందో ఆ రోజే క్యాలెండరులో రాసుకోండి. స్టార్‌లింక్‌కు అది 30 రోజులు. డిష్‌ను శాశ్వతంగా బిగించకముందు పెరట్లో నేల మీదే పెట్టి, వారం పాటు రాత్రి తొమ్మిదింటికి భారతదేశంలోని ఇంటికి వీడియో కాల్ చేసి మాట్లాడి చూడండి, ఒక పూర్తి పనిరోజు వీపీఎన్ మీద పనిచేసి చూడండి, ఒక గట్టి వాన పడే దాకా ఆగండి. గడువుకు ఐదు రోజుల ముందే ఉంచుకోవాలో వద్దో తేల్చుకోండి, అప్పటి దాకా అట్టపెట్టెను, లోపలి అట్టలతో సహా, పారేయకండి.