వాయించడం నుంచి పలికించడం దాకా: వేగం సాధించిన ఎలక్ట్రిక్ గిటార్ సాధకులకు

ఎలక్ట్రిక్ గిటార్ మీద వేగం సాధించినవారిలో చాలామంది ఒకే చోట దొరికిపోతారు. స్వరాలన్నీ గుక్క తిప్పుకోకుండా దూసుకువచ్చి, చివరగా ఒక స్వరం మీద నిలవవలసి వచ్చినప్పుడు, ఆ స్వరం శ్రుతికి చేరకుండా బిగుసుకుపోతుంది, లేదా ప్రాణం లేనట్టు వణికి ఆగిపోతుంది. ఇది భావం కొరవడడం వల్ల వచ్చిన లోపమని వినేవారు అనుకుంటారు గానీ, నా దృష్టిలో ఇది ముందు చేతి పట్టుకు సంబంధించిన సమస్య.

వేగంగా వాయించేటప్పుడు ఎడమచేతి బొటనవేలు నెక్ (గిటార్ పొడవాటి మెడ) వెనుక మధ్యభాగంలో ఆని ఉంటుంది, మిగిలిన వేళ్లు ఫ్రెట్ల (నెక్ మీది లోహపు మెట్ల) వెంబడి నిటారుగా దిగుతాయి. తీగను పక్కకు లాగి స్వరాన్ని పైకి ఎక్కించడానికి, అంటే బెండ్ చేయడానికి, ఆ పట్టు పనికిరాదు. బొటనవేలు నెక్ పై అంచు మీదికి రావాలి, చూపుడువేలి మొదలు కింది అంచుకు ఆనాలి, అప్పుడు మణికట్టు తాళంచెవి తిప్పినట్టు తిరిగితే తీగ దానంతట అదే కదులుతుంది. మొదటి పట్టులో ఉండిపోయి వేలి బలంతోనే తీగను నెట్టేవారికి శ్రుతి అందదు. కాబట్టి సాధన చేయవలసింది రెండు పట్లను విడివిడిగా కాదు, ఒకదానిలోనుంచి మరొకదానిలోకి మారే ఆ క్షణాన్ని.

ముందు వేగం లేకుండా మొదలుపెట్టండి. మూడో తీగ (అన్నిటికన్నా సన్ననిది మొదటిది, లావైనది ఆరోది) 9వ ఫ్రెట్ నొక్కి మీటి, ఆ స్వరాన్ని చెవిలో నిలుపుకోండి. తరువాత అదే తీగను 7వ ఫ్రెట్ దగ్గర ఉంగరపు వేలితో నొక్కి, వెనుక మరో రెండు వేళ్ల ఆసరాతో లాగి, ఇందాకటి స్వరానికి సరిగ్గా చేర్చండి. చేరిన తరువాత అక్కడే వైబ్రాటో (స్వరాన్ని సమంగా ఊపడం) ఇవ్వండి. లాగకుండా నొక్కిన స్వరంలో వైబ్రాటో పైకి వెళ్లి అసలు శ్రుతికి తిరిగి రావాలి, లాగిన స్వరంలో కొద్దిగా కిందికి దిగి మళ్లీ గమ్యానికి చేరాలి. తిరిగి చేరడం తప్పితే ఎంత ఊపినా అపశ్రుతే. మెట్రోనోమ్‌ను (తాళం కొట్టే యంత్రాన్ని) 60 దగ్గర, అంటే నిమిషానికి 60 దెబ్బల దగ్గర ఉంచి, దెబ్బకు రెండు ఊపులు, ఆపైన మూడు, ఆపైన నాలుగు చొప్పున సాధన చేస్తే ఊపు మీ అదుపులోకి వస్తుంది.

ఇప్పుడు ఎ మైనర్ పెంటాటోనిక్ అనే ఐదు స్వరాల వరుసలో, ఆరో తీగ 5, 8 ఫ్రెట్లతో మొదలుపెట్టి ఐదు, నాలుగు, మూడు తీగల మీద 5, 7 ఫ్రెట్లు తీసుకుంటూ ఎనిమిది స్వరాలు వాయించండి. దెబ్బకు నాలుగు చొప్పున అవి రెండు దెబ్బల్లో పూర్తవుతాయి. మూడో దెబ్బకు కచ్చితంగా రెండో తీగ 8వ ఫ్రెట్ మీద దిగి, మొదటి తీగ 5వ ఫ్రెట్‌లో పలికే స్వరం దాకా లాగి, రెండు దెబ్బలు నిలపండి. 60 దగ్గర ఇది సెకనుకు నాలుగు స్వరాలు, 120 దగ్గర ఎనిమిది. మెట్రోనోమ్‌ను నాలుగేసి చొప్పున పెంచండి. అయితే పెంచడానికి కొలమానం ముందరి ఎనిమిది స్వరాలు కావు, చివరి స్వరం శ్రుతిలో నిలిచిందా లేదా అన్నదే.

కర్ణాటక సంగీతంలో సరళీ స్వరాలను మూడు కాలాల్లో పాడించే పద్ధతి ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. తాళం మారదు, అదే తాళంలో స్వరాల సంఖ్య రెట్టింపవుతుంది. మెట్రోనోమ్‌ను కదపకుండా అదే వరుసను దెబ్బకు ఒకటి, రెండు, నాలుగు స్వరాలుగా వాయించి చూడండి. ఒకే సంగతిలో నెమ్మదిగా మొదలై మూడో కాలంలోకి ఎక్కి తిరిగి దిగినప్పుడే వేగానికి అర్థం ఏర్పడుతుంది. మొదటి నుంచి చివరి దాకా ఒకే జోరు ఉంటే అది కుట్టుమిషన్ చప్పుడుతో సమానం. వేగంతోపాటు పలుకు కూడా కావాలనుకున్నవారు వాయిద్యాన్నే మార్చుకున్నారు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గమకాల కోసం జంట తీగలను వదిలి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ చేపట్టారు. వేగానికి పేరుపడిన స్వీడన్ గిటారిస్టు ఇంగ్వే మాల్మ్‌స్టీన్ ఫ్రెట్ల మధ్య కొయ్యను గుంటలుగా చెక్కించిన ఫింగర్‌బోర్డు వాడతారు. వేలికి కొయ్య తగలదు కనుక ఆయన విశాలమైన వైబ్రాటోకు అది అనువుగా ఉంటుంది.

పదబంధం ఎక్కడ ఆగాలో తెలియకపోతే పాడుతూ వాయించండి, గొంతు బాగుండనవసరం లేదు. ఊపిరి అయిపోయిన చోట చేయి కూడా ఆగాలి. అమెరికా బ్లూస్ గాయకుడు, గిటారిస్టు బి.బి. కింగ్ ఒక పంక్తి పాడి, ఆ తరువాతే గిటార్‌తో బదులిచ్చేవారు. ఆ విరామం వల్లే ఆయన వాయించిన కొద్ది స్వరాలకు అంత బరువు వచ్చింది.

యాంప్లిఫయర్ మీది గెయిన్ సంగతి కూడా చూసుకోవాలి. అది పెంచితే ధ్వని గరుకెక్కుతుంది, దాన్నే డిస్టార్షన్ అంటారు. డిస్టార్షన్ పెరిగేకొద్దీ మెల్లగా మీటినదీ గట్టిగా మీటినదీ ఒకే స్థాయిలో వినిపిస్తాయి. తప్పులు కప్పిపుచ్చుకోవడానికి అది హాయిగానే ఉంటుంది, కానీ కుడిచేతి పలుకంతా అందులో మునిగిపోతుంది. సాధనలో గెయిన్ సగానికి తగ్గించి, గిటార్ మీది వాల్యూమ్ నాబ్‌ను చిటికెన వేలికి అలవాటు చేయండి. బ్రిటిష్ రాక్ గిటారిస్టు జెఫ్ బెక్ తరువాతి కాలంలో పిక్ (మీటే బిళ్ల) వదిలి బొటనవేలితో మీటుతూ, నాబ్‌నూ వైబ్రాటో ఆర్మ్‌నూ (తీగల బిగువు మార్చే కడ్డీనీ) మీటులో భాగం చేసుకున్నారు. తీగలను ఫింగర్‌బోర్డుకు మరీ దగ్గరగా దించడం వేగానికి సుఖమే అయినా, పై ఫ్రెట్ల దగ్గర బెండ్ చేసినప్పుడు స్వరం గొంతు నొక్కినట్టు ఆగిపోతుంది. అప్పుడు తీగల ఎత్తు కొద్దిగా పెంచక తప్పదు.

రోజూ సాధన ముగిశాక రెండు నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసి, మరునాడు గిటార్ చేతిలో లేకుండా వినండి. వేగంగా సాగినవాటిని పట్టించుకోకుండా, నిలిచిన స్వరాలను మాత్రం ఒక్కొక్కటిగా గమనించి, శ్రుతి తప్పినవాటిని ఆ రోజు సాధనలో మొదటగా 60 దగ్గర తీసుకోండి.