గ్యాస్ హాట్ ఎయిర్ జనరేటర్, 4వ పాఠం: బర్నర్ ఏ సెకనులో ఆగింది?

"అన్నా, బర్నర్ మళ్ళీ లాకౌట్ అయింది, రీసెట్ కొట్టనా?" బెంగళూరు పీణ్యాలోని పౌడర్ కోటింగ్ షెడ్లలో పనిచేసే హిందూపురం, మదనపల్లె కుర్రాళ్ల నోట తరచుగా వినే మాట ఇది. లాకౌట్ అంటే, ఓవెన్‌కి వేడి గాలి ఇచ్చే బర్నర్‌లో ఏదో తేడా చూసి కంట్రోలర్ గ్యాస్ ఆపేసి, రీసెట్ నొక్కేదాకా మళ్ళీ స్టార్ట్ కానివ్వకపోవడం. రీసెట్ కొట్టే ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది: బర్నర్ ఏ దశలో ఆగింది? ఈ వారం పాఠమంతా దాని గురించే. గ్యాస్ ట్రైన్‌లో, అంటే గ్యాస్‌ని బర్నర్‌కి చేర్చే పైపులు, వాల్వ్‌ల వరసలో, ఏ భాగం ఎక్కడుంటుందో మూడో పాఠంలో చూశాం కాబట్టి అది మళ్ళీ చెప్పను.

ముందు రీసెట్ సంగతి. రెండుసార్లు నొక్కినా మంట నిలవకపోతే మూడోసారి నొక్కొద్దు. మంట అంటుకోని ప్రతిసారీ రెండు మూడు సెకన్లపాటు పచ్చి గ్యాస్ లోపలికి వెళ్తుంది. తర్వాతి స్టార్ట్‌లో బ్లోవర్ దాన్ని బయటికి తోసేస్తుంది, నిజమే. కానీ చిమ్నీ దారి పూడుకుపోయినా, కరెంటుతో తెరుచుకునే సోలనాయిడ్ వాల్వ్ పూర్తిగా మూసుకోకపోయినా గ్యాస్ లోపలే పేరుకుంటుంది. గాలిలో ఎల్పీజీ సుమారు 2 శాతం కలిస్తే చాలు, అంటుకుంటుంది. అది గాలికంటే బరువు, అందుకే కేబుల్ ట్రెంచ్‌లో, నేలమీద గుంటల్లో నిలుస్తుంది. పైపు గ్యాస్ గాలికంటే తేలిక, సుమారు 5 శాతం దగ్గర అంటుకుంటుంది, పైకప్పు కింద చేరుతుంది. వాసన వస్తే మెయిన్ వాల్వ్ మూసేయండి, తలుపులు తెరవండి, అందరినీ బయటికి పంపండి. ఆ సమయంలో ఫ్యాన్ వేయడమూ ప్రమాదమే, లైటు ఆర్పడమూ ప్రమాదమే. స్విచ్‌లో వచ్చే చిన్న రవ్వ చాలు. ప్రొడక్షన్ ఆగిందని సూపర్‌వైజర్ ఎంత తొందరపెట్టినా ఈ విషయంలో మెత్తబడకండి.

ఇక వరస చూద్దాం. ఓవెన్ వేడి తగ్గగానే థర్మోస్టాట్ బర్నర్‌ని అడుగుతుంది. బ్లోవర్ తిరుగుతుంది. గాలి ఒత్తిడి సరిపోయిందని ఎయిర్ ప్రెషర్ స్విచ్ చెప్పాలి. తర్వాత పర్జ్: లోపల మిగిలిన గ్యాస్‌ని గాలితో ఊడ్చేయడం. చాలా బర్నర్లలో ఇది 30 సెకన్ల చుట్టూ ఉంటుంది. ఆ తర్వాత స్పార్క్ టకటకమంటుంది, సోలనాయిడ్ 'టక్' మని తెరుచుకుంటుంది, మంట వస్తుంది. మంట ఉన్నట్టు సెన్సర్ రెండు మూడు సెకన్లలో చెప్పకపోతే కంట్రోలర్ గ్యాస్ ఆపేసి ఎర్ర లైటు వెలిగిస్తుంది. ఈ శబ్దాలు చెవికి అలవాటైతే సగం పని అయిపోయినట్టే. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని బర్నర్ పక్కన నిలబడండి.

బ్లోవర్ అసలు తిరగకపోతే చాలాసార్లు అది లాకౌట్ కాదు. కంట్రోలర్ ఎదురుచూస్తోందన్నమాట. వేడి హద్దు దాటితే బర్నర్‌ని ఆపే హై లిమిట్ థర్మోస్టాట్ ట్రిప్ అయి, చేత్తో రీసెట్ చేయకుండా ఉండిపోయి ఉండొచ్చు. గ్యాస్ ఒత్తిడి తక్కువై లో ప్రెషర్ స్విచ్ ఆపి ఉండొచ్చు. ఎయిర్ స్విచ్ కాంటాక్ట్ అతుక్కుపోయినా ఇంతే, గాలి లేనప్పుడే గాలి ఉందని చెబితే కంట్రోలర్ ముందుకు కదలదు.

బ్లోవర్ తిరిగి, స్పార్క్ రాకముందే ఆగిపోతే గాలి వైపు చూడండి. మన షెడ్లలో పౌడర్ ధూళే దీనికి ఎక్కువసార్లు కారణం. గాలి లాగే జాలీ మీద, బ్లోవర్ రెక్కల మీద పౌడర్ మందంగా పేరుకుంటుంది. స్విచ్‌కి వెళ్ళే సన్నని ట్యూబ్ ఊడిపోయినా, అందులో ధూళి చేరినా ఇదే లక్షణం. ఆ స్విచ్‌ని వైరు ముక్కతో బైపాస్ చేసిన ప్యానెళ్లు కొన్నిచోట్ల కనిపిస్తాయి. అలాంటిది చూస్తే బర్నర్ నడపకండి, ఓనర్‌కి చెప్పండి.

స్పార్క్ శబ్దం రాకపోతే ఎలక్ట్రోడ్ గ్యాప్, పింగాణీ పగుళ్లు, కేబుల్, ట్రాన్స్‌ఫార్మర్ ఈ వరసలో చూడాలి. గ్యాప్ ఎంతుండాలో బర్నర్ మాన్యువల్‌లో ఉంటుంది.

స్పార్క్ వచ్చి మంట రాకపోతే చాలాసార్లు గ్యాస్ అందడం లేదన్నమాట. బెంగళూరు డిసెంబర్ ఉదయాల్లో సిలిండర్ బ్యాంక్ మీద నడిచే షెడ్లకి ఇది మామూలే. ద్రవం ఆవిరి కావడానికి వేడి కావాలి, ఆ వేడిని సిలిండర్ తన చుట్టూ ఉన్న గాలి నుంచే లాక్కుంటుంది. బర్నర్ ఎక్కువ గ్యాస్ లాగితే సిలిండర్ చల్లబడి, అడుగున చెమట పట్టి, మంచు కూడా పేరుకుంటుంది. లోపల గ్యాస్ ఉన్నా ఒత్తిడి పడిపోతుంది. బ్యూటేన్ మరిగే ఉష్ణోగ్రత దాదాపు సున్నా డిగ్రీలు, ప్రొపేన్‌ది మైనస్ 42. సిలిండర్‌లో బ్యూటేన్ వాటా ఎంత ఎక్కువుంటే చలికి అంత త్వరగా నీరసిస్తుంది. ఒకేసారి తెరిచే సిలిండర్ల సంఖ్య పెంచాలి, లేదా ద్రవాన్ని వేడిచేసి ఆవిరిగా మార్చే వేపరైజర్ పెట్టించాలి. సిలిండర్ కింద మంట పెట్టడం, మరిగే నీళ్లు పోయడం ఎప్పుడూ చేయకండి.

అన్నిటికంటే ఎక్కువగా తికమకపెట్టేది దీని తర్వాతి దశ: మంట కంటికి కనిపిస్తుంది, అయినా రెండు మూడు సెకన్లలో లాకౌట్. మంటని మనం చూశాం, కంట్రోలర్ చూడలేదు. చాలా గ్యాస్ బర్నర్లలో మంటలోకి చొచ్చుకుని ఒక లోహపు కడ్డీ ఉంటుంది, అయనైజేషన్ ఎలక్ట్రోడ్ అంటారు. మంటలో విద్యుదావేశం ఉన్న కణాలుంటాయి కాబట్టి మంట గుండా కొద్దిపాటి కరెంటు పారుతుంది. కడ్డీ చిన్నది, బర్నర్ తల పెద్దది, అందుకే ఏసీ ఇచ్చినా కరెంటు ఒకవైపే ఎక్కువగా పారి డీసీలా మారుతుంది. అది మైక్రో ఆంపియర్లలో ఉంటుంది. మైక్రో ఆంపియర్లు చూపే మీటర్‌ని డీసీలో పెట్టి ఎలక్ట్రోడ్ వైరుకి సిరీస్‌లో కలిపితే విలువ తెలుస్తుంది. ఇది ఎలక్ట్రీషియన్‌తో కలిసి, పవర్ ఆపి కలుపుకోవాల్సిన పని. వచ్చిన విలువని మాన్యువల్‌లో రాసిన కనిష్ఠంతో పోల్చండి. కడ్డీ మీద మసి ఉన్నా, పింగాణీ పగిలినా, బర్నర్ బాడీ ఎర్త్ వదులైనా ఈ విలువ పడిపోతుంది. కొన్ని కంట్రోలర్లకి ఫేజు, న్యూట్రల్ తారుమారైనా అంతే.

ఇక్కడ ఒక లక్షణం బాగా గుర్తుపెట్టుకోండి. లైన్ కరెంటు మీద చక్కగా నడిచే బర్నర్ డీజీ (డీజిల్ జనరేటర్) మీదకి మార్చగానే మంట వచ్చి ఆగిపోతోందా? జనరేటర్ న్యూట్రల్ ఎర్త్‌కి కలిసి లేదేమో చూడమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి. మంట సిగ్నల్ కరెంటు ఎర్త్ గుండా న్యూట్రల్‌కి తిరిగి చేరాలి. ఆ దారి లేకపోతే కొత్త ఎలక్ట్రోడ్ వేసినా, కొత్త కంట్రోలర్ వేసినా ఫలితం ఉండదు. డబ్బులు తగలేసి, పాత భాగాలే మళ్ళీ బిగించుకుంటారు. మీ బర్నర్‌లో కడ్డీకి బదులు మంట వెలుగుని పసిగట్టే యూవీ సెల్ ఉంటే పని తేలిక, గాజు మీద ధూళిని మెత్తటి పొడిగుడ్డతో తుడిచి చూడండి.

గంటల తరబడి నడిచి, తర్వాత ఆగేది వేరే జాతి. గాలి, గ్యాస్ పాళ్లు తప్పినప్పుడు తరచుగా అలా అవుతుంది. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్లకి పైగా ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి చెన్నై గాలికంటే దాదాపు పదోవంతు పలుచన. చెన్నైలో సెట్ చేసిన బర్నర్‌ని యథాతథంగా తెచ్చి బిగిస్తే గాలి చాలక మంట పసుపు రంగుకి తిరుగుతుంది, మసి కడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. గాలిని తగ్గించి పెంచే డ్యాంపర్‌ని కంటి అంచనాతో తిప్పొద్దు. చిమ్నీలోంచి పోయే పొగని కొలిచే ఫ్లూ గ్యాస్ అనలైజర్ ఉన్న టెక్నీషియన్‌ని పిలిపించండి. ఫుల్ మంట మీద ఆ పొగలో ఆక్సిజన్ 3 నుంచి 5 శాతం మధ్య ఉండేలా చాలామంది సెట్ చేస్తారు.

ఈ వారం మీ పని: బర్నర్ బాగా నడుస్తున్న రోజునే మూడు స్టార్ట్‌లు గమనించి, బ్లోవర్ నుంచి స్పార్క్ దాకా ఎన్ని సెకన్లు, స్పార్క్ నుంచి మంట దాకా ఎన్ని సెకన్లు, గ్యాస్ ఒత్తిడి ఎంత అని తేదీ వేసి షిఫ్ట్ రిజిస్టర్‌లో రాయండి. ఐదో పాఠంలో హై లిమిట్ థర్మోస్టాట్ ఎందుకు ట్రిప్ అవుతుందో, బర్నర్ ఆగాక కూడా సర్క్యులేషన్ ఫ్యాన్ కొంతసేపు ఎందుకు తిరగాలో చూద్దాం.