ఉరవడి నీళ్లలో డ్రిఫ్ట్ డైవ్ ఎలా చేయాలి?

డ్రిఫ్ట్ డైవ్ అంటే గాలి సిలిండర్‌తో సముద్రంలో మునిగి, నీళ్లు ఎటు తీసుకుపోతే అటు పోవడమే. పైన పడవ మన వెంట వస్తుంది. ఇంత తేలికైన పనిలో కూడా కొందరు పట్టుబట్టి ఎదురీది, ఆయాసపడి, సిలిండర్ ఖాళీ చేసుకుని పైకొస్తుంటారు. ప్రవాహం వేగం రెట్టింపైతే మనల్ని నెట్టే బలం నాలుగింతలవుతుంది. ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు. వినడానికి నడక కన్నా తక్కువే. సిలిండర్ వీపున వేసుకుని దానికి ఎదురీదండి, కొద్ది నిమిషాల్లో సంగతి తెలుస్తుంది.

ముందు వేళ చూసుకోవాలి. చాలా తీరాల్లో పోటుకీ ఆటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు ఉంటుంది. ఆ మధ్య గంటల్లో నీళ్లు జోరుగా లాగి, దిశ మారే ముందు కాసేపు నిలకడగా ఉంటాయి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో ఉరవడి ఎక్కువ. మొదటిసారి అయితే అష్టమి దరిదాపుల్లో పెట్టుకోండి. టైడ్ టేబుల్‌లో, అంటే ఆటుపోట్ల పట్టికలో ఉండేది నీటి మట్టం ఎక్కువ, తక్కువ అయ్యే సమయం. ప్రవాహం ఆగే సమయం దానికి ముందో వెనకో ఉండొచ్చు. అది ఆ చోట రోజూ తిరిగే పడవవాళ్లకే తెలుస్తుంది. ఫోన్‌లో యాప్ చూసి వాళ్లతో వాదించకండి.

మామూలు సామానుకు తోడు విజిల్, చిన్న కత్తి, 30 మీటర్ల దారమున్న స్పూల్, ఎస్ఎంబీ కావాలి. ఎస్ఎంబీ అంటే మనం ఎక్కడున్నామో పడవకు చూపించడానికి, స్పూల్ దారానికి కట్టి కింద నుంచి పైకి పంపే పొడవాటి బెలూన్. 1.5 మీటర్ల కన్నా పొట్టిదైతే అలల మధ్య కనపడదు, నేను దాన్ని లెక్కలోకే తీసుకోను. వేలాడేవన్నీ ఒంటికి దగ్గరగా కట్టేయండి. కెమెరా ఇంట్లో పెట్టండి.

బీసీడీలో, అంటే గాలి నింపితే తేల్చే జాకెట్‌లో, గాలి లేకుండా అందరూ ఒకేసారి దూకి, ఆగకుండా దిగాలి. పైన తేలుతూ మాస్క్ సర్దుకునేవాడికి కింద జట్టు దొరకదు. దిగాక నేలకు దగ్గరగా ఉండండి, అక్కడ రాపిడి వల్ల ప్రవాహం కొంచెం నెమ్మది. చేపలు ఎటు తల పెట్టి నిలబడ్డాయో చూడండి. ఉరవడి వచ్చేది అటునుంచే. మీరు వదిలిన బుడగలు పైకి పోకుండా కిందికి దిగుతుంటే మాత్రం నీళ్లు మిమ్మల్ని లోతుకి లాగుతున్నట్టు. అప్పుడు పైకి తన్నుకోవద్దు, పక్కనున్న నిట్టనిలువు రాతిగోడ నుంచి దూరంగా అడ్డంగా ఈదండి. పసిఫిక్ ద్వీపదేశం పలావ్‌లోని బ్లూ కార్నర్ లాంటి చోట్ల రాతికి కొక్కెం తగిలించి ఆగుతారు. అది నేర్చుకుని చేయాల్సిన పని, బతికున్న పగడానికి తగిలించకూడదు.

ఇక అసలు చిక్కు ఎస్ఎంబీ పైకి పంపడం. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. సిలిండర్‌లో గాలి ఒత్తిడి 50 బార్‌కి వచ్చేదాకా ఆగి కంగారులో మొదలుపెడతారు. నేనైతే 80 బార్ దగ్గరే మొదలుపెడతాను, మీరూ అంతే చేయాలి. 10 మీటర్ల లోతులో స్థిరంగా నిలబడి, ముందు పైకి చూడండి. నెత్తిమీద ఇంకో డైవర్ ఉన్నా, ఇంజిన్ చప్పుడు వినిపించినా ఆగండి.

స్పూల్‌ని ఒంటికి తగిలించవద్దు. ఎప్పటికీ వద్దు. ఒకసారి నా దారం మణికట్టు మీద లోతు, సమయం చూపే డైవ్ కంప్యూటర్‌కి చుట్టుకుంది. బెలూన్ నన్ను 10 నుంచి 4 మీటర్లకి లాక్కుపోయాక గానీ కత్తి చేతికి రాలేదు. స్పూల్‌ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకోండి, రంధ్రంలో వేలు దూర్చకండి. దారం చిక్కుపడిందా, స్పూల్ వదిలేయండి. పోతే స్పూలే పోతుంది.

బెలూన్‌లో గాలి నింపడానికి చాలామంది ఆక్టోపస్, అంటే గాలి పీల్చుకునే రెండో రెగ్యులేటర్ వాడతారు. నాకు నచ్చదు. చల్లటి నీళ్లలో దాంట్లోంచి ఒక్కోసారి గాలి ఆగకుండా కారుతుంది. నేను నోటితో ఊదుతాను. మన ఊపిరే బెలూన్‌లోకి పోతుంది కాబట్టి ఊదుతున్నంతసేపు తేలుడు మారదు. రెండు ఊపిరులు చాలు. 10 మీటర్ల దగ్గర ఒత్తిడి పైదానికి రెట్టింపు. సగం నింపిన బెలూన్ పైకి చేరేసరికి నిండుతుంది. మధ్యలో గాలి పీల్చినప్పుడు ఒళ్లు లేస్తుంటే బీసీడీలోంచి కొంచెం వదలండి. రెండో ఊపిరి ఊదగానే, మళ్లీ పీల్చకముందే చేతిలోని బెలూన్ వదిలేయాలి.

బెలూన్ పైకి చేరాక దారం బిగువుగా ఉంచితేనే అది నిటారుగా నిలుస్తుంది. వదులైతే నీళ్ల మీద పడుకుంటుంది, పడవవాడికి కనపడదు. అలాగని దారం పట్టుకుని ఎగబాకవద్దు. మీరు పైకొస్తున్న కొద్దీ దారం చుట్టుకోండి, నిమిషానికి 9 మీటర్లకు మించకుండా. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగండి. ఆ మూడు నిమిషాలూ కొట్టుకుపోతూనే ఉంటారు. కాబట్టి కింద విడిపోతే, జోడీ కోసం నిమిషం కంటే ఎక్కువ వెతకకుండా ఇద్దరూ పైకి రావాలని ముందే మాట్లాడుకోండి.

పైకొచ్చాక బీసీడీ నింపి, పడవవైపు ఈదకుండా అక్కడే ఉండండి, పడవే వస్తుంది. ప్రొపెల్లర్ ఆగిందని పైనుంచి కేక వినిపించేదాకా నిచ్చెన దగ్గరికి పోవద్దు. నిచ్చెన చేతికి అందేదాకా ఫిన్స్ విప్పొద్దు, నోట్లోంచి రెగ్యులేటర్ తీయొద్దు.