చెరువు ఎంత కుంచించుకుపోయిందో మామూలు ల్యాప్‌టాప్‌తో, ఉపగ్రహ చిత్రాల్లోంచి కొలవడం ఎలా

ముందే ఒక మాట చెప్తాను, డౌన్‌లోడ్ బటన్ జోలికి పోకండి. ఈ పని మొదలుపెట్టినప్పుడు నేను దొరికిన ఫైలల్లా దించుకుంటూ పోయాను, హార్డ్ డిస్క్ నిండింది, రెండు వారాలు గడిచాయి, చెరువు గురించి మాత్రం ఒక్క అంకె కూడా చేతికి రాలేదు.

ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. సెంటినెల్-2 అనే ఐరోపా ఉపగ్రహాల చిత్రాలను దాదాపు 110 కిలోమీటర్ల చదరపు ముక్కలుగా ఇస్తారు. బ్యాండ్ అంటే ఒక రకం కాంతితో తీసిన చిత్రం. ఒక్కో పిక్సెల్ నేల మీద 10 మీటర్లుండే బ్యాండ్‌లో ఒక ముక్కకి అడ్డంగా 10,980, నిలువుగా 10,980 పిక్సెళ్లు, అంటే 12 కోట్లు. ఒక్కోదానికి రెండు బైట్లు వేసుకుంటే ఒక్క రోజు, ఒక్క బ్యాండే 240 ఎంబీ. మీ చెరువు రెండు కిలోమీటర్ల పొడవు, రెండు కిలోమీటర్ల వెడల్పు అనుకుందాం. దానికి కావలసింది 200 అడ్డం, 200 నిలువు, మొత్తం 40,000 పిక్సెళ్లు, 80 కేబీ. ఆ 80 కేబీ కోసం 240 ఎంబీ దించుకోవాల్సిన అవసరం ఇప్పుడు లేదు.

దీనికి కారణం క్లౌడ్ ఆప్టిమైజ్డ్ జియోటిఫ్ అనే ఫైల్ ఫార్మాట్. లోపల చిత్రం చిన్న చిన్న గళ్లుగా ఉంటుంది, ఏ గడి ఎక్కడుందో ఫైల్ మొదట్లోనే రాసి ఉంటుంది. కాబట్టి మీ ప్రోగ్రామ్ ముందు ఆ కాస్త చదివి, చెరువు పడే గళ్లను మాత్రమే నెట్ మీద తెప్పించుకుంటుంది. ఏ తేదీ చిత్రం ఎక్కడుందో వెతకడానికి స్టాక్ అనే కేటలాగ్ పద్ధతి ఉంది, చోటు, తేదీలు, మేఘాల శాతం ఇస్తే లింకులు ఇస్తుంది. పైథాన్‌లో ఇలాంటి చిత్రాలను చదివే రాస్టరియో, వాటి అంకెల మీద లెక్కలు చేసే ఎక్స్‌అర్రే, ఈ రెండు లైబ్రరీలూ నేర్చుకుంటే చాలావరకు సరిపోతుంది. మరీ పెద్ద ప్రాంతమైతే గూగుల్ ఎర్త్ ఇంజిన్ లాంటి చోటికి లెక్కనే పంపేయండి, డేటా ఉన్నచోటే అది నడుస్తుంది. ప్రపంచం మొత్తం అడవుల మార్పును 2013లో పటంగా తెచ్చింది అలాగే, అమెరికా ఉపగ్రహం ల్యాండ్‌శాట్ 7 చిత్రాలు ఆరున్నర లక్షలు అందులో వాడారు.

ఇక కొలత. నీరు ఆకుపచ్చ కాంతిని కాస్త తిప్పికొడుతుంది, కంటికి కనబడని నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ను దాదాపు మింగేస్తుంది. అందుకే ఆకుపచ్చ బ్యాండ్ బి3లోంచి నియర్ ఇన్‌ఫ్రారెడ్ బ్యాండ్ బి8 తీసేసి, ఆ రెండిటి మొత్తంతో భాగిస్తే వచ్చే సూచికలో నీటి పిక్సెళ్లు పైకి తేలతాయి. సూత్రం ఇంతే, నేను దెబ్బతిన్నది మాత్రం ఇక్కడే, రెండుసార్లు.

మొదటిది, ఆ ఫైళ్లలో అంకెలు మైనస్ గుర్తు తెలియని రకం. పొలం మీద బి3 800, బి8 3,000 ఉంటే తేడా మైనస్ 2,200 రావాలి, కంప్యూటర్ మాత్రం 63,336 అంటుంది. ఎర్రర్ ఏమీ రాదు, పొలమంతా నీరైపోతుంది అంతే. తీసివేతకు ముందే అంకెలను ఫ్లోట్‌లోకి, అంటే మైనస్, దశాంశాలు తెలిసిన రకంలోకి మార్చుకోండి.

రెండోది ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఫలితం నమ్మేలా ఉంటుంది. 2022 జనవరి 25 నుంచి సెంటినెల్-2 అంకెలన్నిటికీ 1,000 కలిపి ఇస్తున్నారు. నీటి మీద అసలు విలువలు 600, 300 అయితే సూచిక 0.33. ఆ వెయ్యి తీయకపోతే 1,600, 1,300 మీద లెక్క పడి 0.10 వస్తుంది. మీరు 0.2 దాటితే నీరు అని గీత పెట్టుకుని ఉంటే ఆ ఏడాది చెరువు ఎండిపోయినట్టే కనబడుతుంది, నేను నిజంగానే ఎండిపోయిందనుకుని కంగారుపడ్డాను. కొన్ని చోట్ల పాత చిత్రాలకూ ఇదే మార్పు చేసి మళ్లీ ఇచ్చారు, కొన్ని చోట్ల ఆ వెయ్యి ముందే తీసేసి పెడతారు, కాబట్టి తేదీని బట్టి కాదు, ఆ చిత్రం మెటాడేటా, అంటే దానితో వచ్చే వివరాలు, తెరిచి చూశాకే తీయండి.

మేఘాల సంగతి. చిత్రంతో పాటు వచ్చే ఎస్‌సీఎల్ పొర ప్రతి పిక్సెల్ ఏమిటో ఒక అంకెతో చెబుతుంది, అందులో 8, 9, 10 మేఘాలు, 3 వాటి నీడ. నీడను తప్పకుండా తీసేయాలి, నల్లగా ఉంటుంది కాబట్టి నీటిలా మోసం చేస్తుంది. ఆ పొర 20 మీటర్లది, 10 మీటర్లకు మార్చేటప్పుడు దగ్గరి పిక్సెల్ అంకెనే తీసుకునే నియరెస్ట్ పద్ధతే వాడండి, సగటు తీస్తే మేఘం 8కీ పచ్చదనం 4కీ మధ్య 6 పుడుతుంది, ఆ పొరలో 6 అంటే నీరు! వానాకాలంలో మేఘం వీడదు కాబట్టి మేఘాల్లోంచి చూడగల సెంటినెల్-1 రాడార్ చిత్రాలకి వెళ్లండి. కదలని నీరు అందులో నల్లగా పడుతుంది, గాలికి అలలు లేస్తే ఆ నలుపు పలచబడుతుంది.

డీప్ లెర్నింగ్, అంటే ఉదాహరణలు చూపించి కంప్యూటర్‌కి నేర్పే పద్ధతి, వద్దా అంటే, నీటికైతే మొదట్లో వద్దు. పంటల రకాలు, ఇళ్లు గుర్తించాలంటే కావాలి. 2023లో వచ్చిన ప్రిత్వీ లాంటి, ఉపగ్రహ చిత్రాల మీద ముందే శిక్షణ పొందిన మోడళ్ల వల్ల ఇప్పుడు తక్కువ ఉదాహరణలతోనే పని నడుస్తుంది. కానీ పరీక్షకు పెట్టే పిక్సెళ్లను మాత్రం శిక్షణ పిక్సెళ్ల పక్కనుంచే ఏరకండి, పక్కపక్క పిక్సెళ్లు కవలల్లా ఉంటాయి, మార్కులు ఊరికే పెరిగిపోతాయి. పూర్తిగా వేరే చెరువును పక్కన పెట్టి దాని మీద చూడండి.

చివరికి విస్తీర్ణం. 10 మీటర్ల పిక్సెల్ అంటే 100 చదరపు మీటర్లు, వంద పిక్సెళ్లు ఒక హెక్టారు. ఈ లెక్క చిత్రం వచ్చిన యూటీఎం (నేలను మీటర్లలో చూపే పటం పద్ధతి) కొలతల్లోనే చేయండి, వెబ్ మ్యాపుల ప్రొజెక్షన్‌లోకి మార్చాక చేస్తే భూమధ్యరేఖకు దూరమయ్యేకొద్దీ విస్తీర్ణం ఉబ్బిపోతుంది. గట్టు వెంబడి పిక్సెళ్లు సగం నీరు, సగం నేల. వాటిని విడిగా లెక్కపెట్టి, అందులో సగాన్ని అటూ ఇటూ తేడాగా ఫలితం పక్కనే రాయండి. రెండేళ్ల మధ్య వచ్చిన మార్పు అంతకంటే చిన్నదైతే చెరువు తగ్గిందని అనకండి.